పసిబిడ్డల మీద పంచాయితీ ఏంది? డాక్టరుకు చూపించాలె!

రచ్చకట్ట మీద పెద్దమనుషులు. కింద మట్టిలో ఒక పోరడు. చదివేది రెండో తరగతి. ఏడేండ్లు ఇంకా నిండలేదు. చేతులు కట్టుకొమ్మంటే కట్టుకున్నాడు. తల వంచుకొమ్మంటే వంచుకున్నాడు. తన మీద తీర్పు జరుగుతున్నదని కూడా వానికి తెలియదు. పక్కన వాని అవ్వ, కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తోంది.

బడి వెనక ఒకటో తరగతి పాప విషయంలో ఆ పోరడు చేయగూడని పని చేశాడు. పాప ఏడ్చుకుంటూ ఇంటికి పోయి చెప్పింది. ఇంతకు మించి వివరం మేం రాయం. పసిబిడ్డల బాధ చదివి నోరు చప్పరించే వాళ్ళకు ఈ పత్రిక మేత కాదు. ఊరి పేరు రాయం, బిడ్డల పేర్లు రాయం, గుర్తు పట్టే ఆనవాళ్ళు కొన్ని మార్చి రాస్తున్నాం. ఖిల్లా ఘణపూర్ దిక్కు ఊర్లలో ఒక ఊరు అనుకోండి. చదివే మీకు మీ ఊరే గుర్తొస్తే, తప్పు మాది కాదు.

తీర్పు ఏమంటే: అవ్వ పదివేలు తప్పు కట్టాలె. పోరని టీసీ ఇచ్చి పంపించాలె. వాడ పిల్లల్ని అందరినీ బడిలో వేరే వరుసలో కూర్చోబెట్టాలె. చివరగా ఒక పెద్దమనిషి తువ్వాల దులుపుకుంటూ అన్న మాట మా చెవిలో ఇంకా మోగుతోంది: "పుట్టుక ఎట్లనో బుద్ధి అట్లనే ఉంటది గదా!"

ఆ ఒక్క మాట కోసమే ఈ వ్యాసం రాస్తున్నాం. చేసింది ఒక పసివాడు. శిక్ష పడింది వాడకు మొత్తానికి. ఆ పసివానికి ఏమైంది, ఎందుకట్ల చేశాడు అని అడిగినవాడు ఆ రచ్చకట్ట మీద ఒక్కడూ లేడు.

ఒకే పని, రెండు తీర్పులు

అదే ఊర్లో అంతకు ముందు ఇంకో సంగతి జరిగింది. అప్పుడు చేసింది పెద్దింటి మనవడు. వయసు పది. బాధపడింది మన వాడ పాప. తల్లి బడికొచ్చి మొత్తుకుంది. అప్పుడు రచ్చకట్ట లేదు, తప్పు లేదు, టీసీ లేదు. "పిల్లల ఆటలు, పెద్దది చేయకండి" అన్నారు. తల్లినే బెదిరించారు: "మీ పోరిని అదుపులో పెట్టుకోరాదూ?" మనవణ్ణి పట్నంలో హాస్టలుకు పంపించారు. కథ అయిపోయింది.

పెద్దింటి బిడ్డ చేస్తే పసితనం. వాడ బిడ్డ చేస్తే పుట్టుక బుద్ధి. ఇదేం తూకం? తక్కెడ ఎవని చేతిలో ఉంటే ముల్లు వాని దిక్కే వంగుతుందని మన తాతలకు తెలుసు. కాని ఆ తక్కెడలో ఇప్పుడు ఆరేండ్ల బిడ్డను పెట్టి తూస్తున్నారు.

ఇంకో మాట కూడా చెప్తాం, కోపం తెచ్చుకోకండి. ఆ పెద్దింటి మనవడికి కూడా అన్యాయమే జరిగింది. వాణ్ణి కూడా ఏ డాక్టరుకూ చూపించలేదు. పరువు కాపాడుకోవడానికి మూటగట్టి ఇంకో ఊరికి పంపించారు. అక్కడ ఇంకెంతమంది చిన్న పిల్లలున్నారో, వాడు ఎట్లున్నాడో ఎవరికి తెలుసు? కప్పిపెట్టడం వేరు, బాగుచేయడం వేరు. వాడ బిడ్డకు శిక్ష, దొర బిడ్డకు దాపరికం. వైద్యం మాత్రం ఇద్దరికీ లేదు. ఇక బాధపడిన ఇద్దరు పాపల గురించి అడిగే దిక్కే లేదు. రెండోసారి బాధపడిన పాప తల్లి మాతో అన్నది: "రాత్రిపూట ఉలిక్కిపడి లేస్తుంది సారూ. పదివేలు దండుగ ఎవరికి కావాలె? నా బిడ్డ నిద్రపోతే చాలు." ఆ పదివేలలో ఒక్క రూపాయి కూడా ఆ తల్లి ఇంటికి పోలేదు.

పుట్టుకతో నేరం అంటగట్టడం పాత రోగమే

ఈ రోగం ఇయ్యాలటిది కాదు. 1871లో తెల్లదొరలు ఒక చట్టం తెచ్చారు. కొన్ని జాతుల్లో పుట్టినవాళ్ళు పుట్టుకతోనే నేరస్తులు అన్నారు. ఎరుకలోళ్ళను స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టి హాజరు పట్టీ వేశారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం పోయింది. కాగితం మీద పోయింది, రచ్చకట్ట మీద పోలేదు. మన పాలమూరులో జోగినీల పిల్లలను అడగండి. జోగినీ ఆచారాన్ని నిషేధిస్తూ 1988లోనే చట్టం వచ్చింది. అయినా ఆ తల్లుల పిల్లలు బడిలో చిన్న తప్పు చేసినా "తల్లి బుద్ధే వచ్చింది" అనే నోళ్ళు మూతపడలేదు. తల్లిని ఆ బతుకులోకి తోసినోడు గౌరవంగా తిరుగుతాడు, బిడ్డ మాత్రం మచ్చ మోస్తుంది.

కులం చూసి బుద్ధి చెప్పేవాళ్ళది జోస్యం. దాన్ని ఎవరూ పరిశీలన అనుకోవద్దు. పరిశీలన అంటే ఏందో కింద చెప్తాం.

ఏది పసితనం? ఏది పట్టించుకోవాల్సింది?

ముందు తల్లిదండ్రులకు, బడిపంతుళ్ళకు ఒక సంగతి తెలియాలె. చిన్నపిల్లలకు ఒంటి గురించి ఆరా ఉంటుంది. అది సహజం. అమెరికాలో విలియం ఫ్రీడ్రిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు 2 నుంచి 12 ఏండ్ల మధ్య 1,114 మంది పిల్లల గురించి ఇంట్లో సాకే ఆడవాళ్ళను అడిగి తెలుసుకున్నారు. ఆ ఫలితాలు 1998లో అచ్చయినై. ఇట్లాంటి ఆరా మరీ చిన్న వయసులో ఎక్కువ, వయసు పెరిగే కొద్దీ తగ్గుతుందని తేలింది. ఇంట్లో కొట్లాటలు, కష్టాలు ఉన్న పిల్లల్లో ఎక్కువ కనబడుతుందని కూడా తేలింది. కష్టాలు, కొట్లాటలు అన్నారు గమనించండి. జాతి అనలేదు.

పెద్దవాళ్ళు "వద్దు బిడ్డా" అంటే నవ్వి మానేసి ఇంకో ఆటకు పోతే అది పసితనం. అక్కడ కొట్టొద్దు, తిట్టొద్దు, సిగ్గుపెట్టొద్దు. ఒంటి గురించి మంచి మాటల్లో చెప్పాలె.

కాని కొన్ని గుర్తులుంటే ఊరుకోవద్దు. ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ మళ్ళీ చేస్తుంటే. బెదిరించి, బలవంతం చేసి, ఆశపెట్టి చేస్తుంటే. ఇద్దరి మధ్య వయసులో, బలంలో, తెలివిలో చాలా తేడా ఉంటే. అవతలి బిడ్డ భయపడుతుంటే, దెబ్బ తగిలితే. ఆ వయసుకు తెలియరాని సంగతులు తెలిసినట్టు కనబడితే. ఈ గుర్తుల్లో ఒక్కటి ఉన్నా బిడ్డను డాక్టరుకు చూపించాలె. "చిన్నపిల్లలు, అదే పోతది" అని వదిలేసేవాళ్ళతో కూడా మాకు పేచీ ఉంది. వదిలేస్తే బాధపడే పాప ఇంకోసారి బాధపడుతుంది. చేసే బిడ్డకు కూడా ఆసరా దొరకదు.

డాక్టరు ఏం చూస్తాడు?

పిల్లల మనసు డాక్టరు దగ్గర జరిగే పరిశీలన పోలీసు విచారణ లాంటిది కాదు. అక్కడ నేరం ఒప్పించడం ఉండదు. బిడ్డను ఒకే ప్రశ్న పదిమంది పదిసార్లు అడగడం ఉండదు. మంచి డాక్టరు మొదట సాకేవాళ్ళతో మాట్లాడతాడు, పంతులుతో మాట్లాడతాడు, తర్వాత బిడ్డతో విడిగా, ఆటల్లో పెట్టి, భయం పోగొట్టి మాట్లాడతాడు. ఇంట్లో ఎంతమంది ఉంటారు? బిడ్డ ఎవరి పక్కన పండుకుంటాడు? పగటిపూట ఎవరు చూసుకుంటారు? తాగుడు, కొట్లాట ఉన్నాయా? చేతికి సెల్‌ఫోన్ ఎవరిస్తున్నారు, దాంట్లో ఏం చూస్తున్నాడు? ఎవరన్నా చచ్చిపోయారా, ఎవరన్నా వదిలిపోయారా? చూపు, వినికిడి, మాట, చదువు ఎట్లున్నాయి? ఎవరన్నా ఈ బిడ్డనే బాధపెట్టారా?

ఈ చివరి ప్రశ్న దగ్గర జాగ్రత్త కావాలె. ఇట్ల చేసిన ప్రతి బిడ్డా ఇంకొకరి చేతిలో బాధపడ్డవాడే అనుకోవద్దు. కొందరు బాధపడ్డవాళ్ళు ఉంటారు, చాలామంది కారు. అందుకని పోరని మీద వదిలేసి తండ్రి మీద, మేనమామ మీద పడిపోవడం కూడా తప్పే. అనుమానం మీద దళితుణ్ణి లోపలెయ్యడం ఈ దేశంలో ఎంత సులువో మనకు తెలుసు. కాని అడగకుండా ఉండడం అంతకన్నా పెద్ద తప్పు. 2007లో కేంద్ర ప్రభుత్వ మహిళా శిశు సంక్షేమ శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగితే, నూటికి 53 మంది ఏదో ఒక రకం లైంగిక బాధ అనుభవించామని చెప్పారు. ఆ 13 రాష్ట్రాల్లో మన అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. బాధపెట్టిన వాళ్ళల్లో సగం మంది బిడ్డకు తెలిసినవాళ్ళు, బిడ్డ నమ్మినవాళ్ళే. ఈ లెక్క ఏ ఒక్క వాడకూ పరిమితం కాదు. మేడలో ఉంది, మిద్దెలో ఉంది, గుడిసెలో ఉంది.

ఇంకో సంగతి. డాక్టర్లు వాడే ప్రశ్నల పట్టీలు ఎక్కువగా అమెరికాలో తయారైనవి. అక్కడ బిడ్డకు వేరే గది, వేరే మంచం. మన ఇల్లు ఒక్కటే అర్ర. అందులోనే పొయ్యి, అందులోనే పక్క, అందులోనే ముసలవ్వ దగ్గు. బట్టలు మార్చుకునే మరుగు కూడా లేదు. ఆ పట్టీలో టిక్కులు లెక్కపెట్టి "ఈ ఇంటి వాతావరణం చెడ్డది" అని రాసే డాక్టరు కూడా రచ్చకట్ట పెద్దమనిషికి తమ్ముడే. పేదరికాన్ని రోగంగా రాయొద్దు. పట్టీ ఒక్కటే చాలదు, బతుకు కూడా చూడాలె.

మరి ఆ పోరని సంగతి ఏం తేలింది?

మేం బడిపంతుళ్ళం నలుగురం, వాడ యువకులు ముగ్గురం కలిసి పట్టుపట్టినం. బాలల సంక్షేమ సమితికి రాసిచ్చినం. పాపను, పోరణ్ణి వేరు వేరుగా, వాళ్ళ వాళ్ళ తల్లులతోటి, అవ్వతోటి పట్నంలో పిల్లల డాక్టర్ల దగ్గరకు తీసుకపోయినం.

పోరని తల్లిదండ్రులు పట్నంలో బిల్డింగు పనికి పోయినోళ్ళు. పాలమూరు లేబరు అంటే ఎవరికి తెలియదు? ఆనకట్టలు కట్టినం, మెట్రోలు కట్టినం, మనకు మాత్రం తార్పాలిన్ కింద బతుకు. ఆ పోరడు ఏడాది పాటు అమ్మానాయినతో సైటు మీదనే ఉన్నాడు. ఒకే షెడ్డులో ఇరవై మంది. అమ్మానాయిన మాలు మోయడానికి పోతే వీణ్ణి చూసేది ఎవరు? రాత్రి అక్కడ కొందరు ఫోన్లలో చూడగూడనివి చూస్తుంటే వీడూ చూసిండు. ఒకరోజు సైటు మీద ఒక మనిషి పైనుంచి పడి చచ్చిపోయిండు, వీని కండ్ల ముందే. ఆ తర్వాత పక్క తడుపుడు మొదలైంది. తల్లి భయపడి ఊరికి తెచ్చి అవ్వ దగ్గర వదిలిపోయింది.

ఇంకోటి తేలింది. పోరనికి ఒక చెవి సరిగ్గా వినబడదు. ఎన్నాళ్ళ నుంచో చీము కారుతోంది. "ఎంత చెప్పినా వినడు, మొండోడు" అని బడిలో మేమూ అన్నాం. అన్న వాళ్ళల్లో మేం కూడా ఉన్నాం, సిగ్గుతో ఒప్పుకుంటున్నాం. వాడు వినకపోవడం కాదు, వానికి వినబడలేదు! వెనక వరుసలో కూర్చోబెట్టింది ఎవరు? మేమే.

ఇప్పుడు చెప్పండి. దీంట్లో పుట్టుక ఎక్కడుంది? తార్పాలిన్ ఉంది. చచ్చిపోయిన కూలి ఉన్నడు. చీము పట్టిన చెవి ఉంది. ఇవన్నీ వదిలేసి రచ్చకట్ట పెద్దలకు కులం ఒక్కటే కనబడ్డది.

డాక్టరు చెప్పింది పెద్ద మాయేమీ కాదు. పిల్లలు ఇద్దరూ పెద్దవాళ్ళు చూడకుండా ఒకచోట ఉండకుండా చూడాలె. ఒంటి సంగతిలో హద్దులు ఏవో అవ్వకూ పోరనికీ కలిపి నేర్పాలె. ఫోను బందు. చెవికి మందు. వారం వారం రావాలె. బడిలో వాణ్ణి సిగ్గుపెట్టే మాట ఎవరూ అనొద్దు. పాపకు వేరే డాక్టరు, వేరే ఓదార్పు: "నీ తప్పేం లేదు బిడ్డా, చెప్పి మంచి పని చేసినవ్" అని. కొన్ని నెలలకు పాప నిద్ర కుదుటపడింది. పోరడు ముందు వరుసలో కూర్చుంటున్నాడు. మళ్ళీ అట్లాంటి ఫిర్యాదు రాలేదు.

ఇది మా ఊరి అదృష్టం అనుకోకండి. అమెరికాలో ఓక్లహోమాలో 5 నుంచి 12 ఏండ్ల మధ్య ఇట్లాంటి ఇబ్బంది ఉన్న 135 మంది పిల్లలకు, సాకేవాళ్ళను కూడా కలుపుకొని వైద్యం చేసి, పదేండ్ల తర్వాత ఏమైందో వెతికారు. ఆ ఫలితాలు 2006లో అచ్చయినై. హద్దులు నేర్పే పద్ధతిలో వైద్యం అందినవాళ్ళల్లో తర్వాత లైంగిక నేరం నమోదైంది నూటికి ఇద్దరి మీద. ఆటల పద్ధతి వైద్యం ఒక్కటే అందినవాళ్ళల్లో నూటికి పది. ఇట్లాంటి ఇబ్బంది అసలే లేని, వేరే సమస్యలతో ఆస్పత్రికి వచ్చిన పిల్లల్లో నూటికి మూడు. అంటే ఏంది? సరైన వైద్యం అందితే ఈ పిల్లలకూ మిగతా పిల్లలకూ తేడా లేదు! "వీడు పెద్దయితే ఇట్లనే తయారైతడు" అన్న రచ్చకట్ట జోస్యం పచ్చి అబద్ధం.

చట్టం ఏమంటోంది?

రచ్చకట్ట పెద్దలు చట్టం చదవరు. మనం చదువుదాం.

ఏడేండ్లు నిండని బిడ్డ చేసింది ఏదీ నేరం కాదు. పాత ఐపీసీ 82వ సెక్షన్ ఇదే చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత 20వ సెక్షన్ ఇదే చెప్తోంది. ఏడు నుంచి పన్నెండు మధ్య బిడ్డకు, చేసిన పని ఏందో, దాని ఫలితం ఏందో తెలిసే తెలివి రాకపోతే అదీ నేరం కాదని 21వ సెక్షన్. నేరమే కానిదానికి పదివేలు తప్పు కట్టించే అధికారం వీళ్ళకు ఎవరిచ్చారు?

2015 బాలల న్యాయ చట్టం ప్రకారం ఏ బిడ్డనూ లాకప్‌లో గాని జైల్లో గాని పెట్టకూడదు. బిడ్డ పేరు, ఊరు, బడి బయటపెట్టకూడదని 74వ సెక్షన్. పెడితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఊరందరి ముందు బిడ్డను నిలబెట్టినవాళ్ళే ఈ సెక్షన్ చదువుకోవాలె.

2009 విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ బిడ్డనూ బడి నుంచి వెళ్ళగొట్టకూడదు. 17వ సెక్షన్ ప్రకారం కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు. ఇక వాడ పిల్లల్ని వేరే వరుసలో కూర్చోబెట్టడం సంగతి చెప్పనే అక్కర్లేదు. అంటరానితనం రాజ్యాంగం 17వ అధికరణంతోనే నిషేధం. 1989 అత్యాచార నిరోధక చట్టం కూడా ఉంది.

2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం బిడ్డ మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పాలె. చెప్పకపోతే అదే నేరం. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ సమితికి తెలపాలె. బాధపడిన బిడ్డ మాటను ఇంట్లోనో, బిడ్డకు ఇష్టమైన చోటనో, యూనిఫాం లేకుండా రాసుకోవాలె. చేసినవాడు కూడా పిల్లవాడే అయితే బాలల న్యాయ చట్టం కిందనే చూడాలని పోక్సోలోనే రాసి ఉంది. కాబట్టి చెప్తే బిడ్డ జైలుకు పోతడేమో అని భయపడి దాచకండి. రచ్చకట్టకు చెప్పడం వేరు, చట్టానికి చెప్పడం వేరు.

వాడకు కూడా ఒక మాట

పెద్దకులాలను తిట్టి చేతులు దులుపుకుంటే ఉద్యమం కాదు. మన వాడ పెద్దలు ఆరోజు ఏం చేశారు? "పరువు పోతది, కట్టేసి ఊకుందాం" అన్నారు. అవ్వ దగ్గర పదివేలు ఎక్కడివి? గుంపుమేస్త్రి దగ్గర అడ్వాన్సు తెచ్చారు. ఆ అడ్వాన్సు తీరాలంటే పోరని అమ్మానాయిన ఇంకో కారు సైటు మీదనే ఉండాలె. అంటే బిడ్డను చూసుకునే తల్లి మళ్ళీ బిడ్డకు దూరం! ఏ తార్పాలిన్ కింద ఈ బాధ మొదలైందో, పంచాయితీ దండుగ ఆ తార్పాలిన్ కిందికే ఆ ఇంటిని మళ్ళీ తోసింది. అర్థమైతోందా అన్నలారా, అక్కలారా? పైకి చూస్తే అది తీర్పు. కింద చూస్తే వెట్టికి కట్టే కొత్త పలుపు.

ఇంకా మన ఇండ్లల్లో ఒక మాట ఉంది: "ఇంటి గుట్టు బయట పెట్టొద్దు." బిడ్డ బాధ ఇంటి గుట్టు ఎట్లయితది? గుట్టు మనది, బాధ బిడ్డది. దాచినంత కాలం బాధపెట్టేవానికే లాభం. కొట్టి, వాత పెట్టి, పస్తు పండబెట్టి మాన్పిద్దామనుకునే వాళ్ళున్నారు. కొడితే బిడ్డ మానడు, దాక్కుంటాడు.

1863లో పూనాలో జ్యోతిబా ఫూలే, సావిత్రిబాయి తమ ఇంటి దగ్గరే ఒక ఆశ్రయం తెరిచారు. మోసపోయి గర్భవతులైన బ్రాహ్మణ వితంతువులు పసికందులను చంపుకోకుండా అక్కడికి వచ్చి కనొచ్చు. ఆ ఆడవాళ్ళను తరిమిన కులం, ఫూలేలను తక్కువగా చూసిన కులం ఒక్కటే. అయినా తలుపు తీశారు. ఒక బిడ్డను పెంచుకొని యశ్వంత్ అని పిలుచుకున్నారు, డాక్టరును చేశారు. బిడ్డకు కులం మచ్చ అంటించని దారి మనకు అక్కడి నుంచి వచ్చింది. పెద్దింటి మనవడైనా, వాడ పోరడైనా, తండా పిల్లైనా మన తలుపు అట్లనే తెరిచి ఉండాలె.

మేం అడిగేవి ఇవీ

ఒకటి. 2016లో వనపర్తి జిల్లా అయింది. 2022లో వనపర్తికీ నాగర్‌కర్నూలుకూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చినై. సంతోషం. పిల్లల మనసు డాక్టరు వారానికి ఒక్కరోజన్నా కూర్చునే గది అక్కడ కావాలె. ఏ రోజో ఊరూరా దండోరా వేయించాలె. కూలి పోగొట్టుకొని వచ్చే తల్లికి బస్సు కిరాయి ఇవ్వాలె.

రెండు. 2013 నుంచి నడుస్తున్న బాలల ఆరోగ్య పరీక్షల బృందాలు అంగన్‌వాడీలకు, బడులకు వచ్చినప్పుడు పన్ను, కన్ను చూసి పోవద్దు. చెవి చూడాలె. పక్క తడుపుతున్నాడా, భయపడుతున్నాడా అని అడగాలె.

మూడు. ప్రతి పంతులుకూ, అంగన్‌వాడీ టీచరుకూ ఈ సంగతుల మీద శిక్షణ కావాలె. ఏం అడగాలె, ఏం అడగొద్దు, ఎవరికి చెప్పాలె అనేది మాకు ఎవరూ నేర్పలేదు. తెలియక మేం చేసిన తప్పు పైన రాసినం.

నాలుగు. బిల్డింగు సైట్ల మీద, గద్వాల దిక్కు పత్తి విత్తనాల చేలల్లో పనిచేసే తల్లుల పిల్లలకు పగటిపూట బాలవాడి, రాత్రిపూట మరుగున్న గది కావాలె. ఇది లేకుండా ఎంతమంది డాక్టర్లు వచ్చినా వచ్చింది వచ్చినట్టే ఉంటుంది.

అయిదు. పసిబిడ్డల సంగతిలో రచ్చకట్ట పంచాయితీ పెట్టినవాళ్ళ మీద కేసు పెట్టాలె. కట్టించుకున్న తప్పు పైసలు కక్కించాలె.

అప్పటిదాకా మనం చేయగలిగింది ఉంది. బిడ్డ చెప్తే నమ్మండి. గదమాయించి పదిసార్లు అడగకండి. ఇద్దరు పిల్లలనూ కాపాడండి. 1098కి ఫోన్ చేయండి. ఇప్పుడు దాన్ని 112తో కలిపి ప్రభుత్వమే నడుపుతోంది. మనసు డాక్టరు సలహాకు 14416 ఉంది, పైసా ఖర్చు లేదు. రచ్చకట్టకు పిలిస్తే పోకండి. ఒక్కరు పోకపోతే బెదిరిస్తారు. వాడంతా పోకపోతే రచ్చకట్ట కింద కూర్చునేది ఎవరు?

ఖిల్లా గుట్ట మీద కోట గోడ వందల ఏండ్లుగా నిలబడే ఉంది. దాని రాళ్ళు మోసింది మన తాతలు. మన బిడ్డల చుట్టూ కట్టిన సిగ్గు గోడ కూడా అంతే పాతది. దాని రాళ్ళు మాత్రం మనం మోయం. ఒక్కొక్కటే పీకుదాం.

రేపు మీ ఊర్లో ఒక పసివాణ్ణి రచ్చకట్ట కింద నిలబెడితే, ఎవని కొడుకు అని అడిగే నోళ్ళు వంద ఉంటాయి. "ఈ బిడ్డకు ఏమైంది?" అని అడిగే నోరు ఒక్కటన్నా ఉండాలె. ఆ నోరు మీదే కావాలె.

జై భీం!